విదేశాల్లో వారాంతపు నడకలు: విమానం ఎక్కకముందే తెలియాల్సిన సంగతులు

సంపాదకుల గారికి,

నమస్కారం.

ఆగస్టు, జనవరి నెలలు వచ్చాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కార్లు బారులు కడతాయి. చదువులకు వెళ్లే పిల్లలు, జర్మనీ, జపాన్ ఆస్పత్రుల్లో కొలువు దొరికిన నర్సులు, మనవడినో మనవరాలినో చూసుకోవడానికి ఆరు నెలలు అమెరికా పోయే అమ్మానాన్నలు, గల్ఫ్‌కు తిరుగు ప్రయాణమయ్యే కార్మికులు. పెట్టెలో పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టాయో ఇంటిల్లిపాదీ తూకం వేస్తారు. అక్కడ దిగిన తర్వాత సెలవు రోజున గది దాటి ఎటు పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. వీసాల గురించీ, కన్సల్టెన్సీల మోసాల గురించీ మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తూనే ఉంది. దాని పక్కన ఈ సంగతికీ చోటివ్వాలని కోరుతూ రాస్తున్నాం.

పరాయి ఊళ్లో మనుషుల్ని ఎరగడానికి పిలుపు, పైసలు, పరిచయం ఏవీ అక్కర్లేని చోటు ఒకటుంది. అది పోటీ లేని వారాంతపు నడక. మనోళ్లు రెండు అనుమానాలతో దాని జోలికి పోరు. ఒకటి, అది పరుగెత్తేవాళ్లదనీ, వెనకబడితే నవ్వుతారనీ. రెండోది, అది ఆ దేశం వాళ్లదనీ, మనం పోతే ఎవరు మీరని అడుగుతారనీ. రెండూ నిజం కాదు. నిజంగా ఇబ్బంది పెట్టేవి చిన్న చిన్న పద్ధతులు. అవి తెలియక మొదటి వారం తికమకపడి, రెండో వారం నుంచి మానేసేవాళ్లే ఎక్కువ.

అన్నిటికంటే సులువుగా దొరికేది పార్క్‌రన్. లండన్ నగరంలో టెడింగ్టన్ దగ్గరి బుషీ పార్కులో 2004 అక్టోబరు 2న పాల్ సింటన్ హ్యూయిట్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆ రోజు పరుగెత్తింది 13 మంది. ఇప్పుడు బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, అమెరికా, కెనడా, జర్మనీ, పోలండ్, సింగపూర్, మలేషియా, జపాన్‌తో కలిపి 20కి పైగా దేశాల్లో నడుస్తోంది. దూరం 5 కిలోమీటర్లు. ప్రతి శనివారం. రుసుము లేదు. పేరులో రన్ ఉన్నా మొత్తం నడిచేవాళ్లు ఎందరో ఉంటారు. అందరికంటే వెనక నడవడానికే ఒక వాలంటీరు ఉంటారు. వాళ్ల పని పేరే టెయిల్ వాకర్. కాబట్టి ఆఖరున వచ్చే మనిషి మీరు అయ్యే అవకాశమే లేదు. రికార్డు వేగాల జాబితాలను కూడా ఆ సంస్థ 2024లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. వేగం చూసి కొత్తవాళ్లు జంకకూడదన్నదే అందులోని ఆలోచన.

పేరు ఒక్కసారి నమోదు చేసుకుంటే ఏ దేశంలోనైనా చెల్లుతుంది. ఇక్కడి నుంచి బయలుదేరకముందే చేసుకోవచ్చు. పేరు, ఈమెయిలు, పుట్టిన తేదీ, ఆపదలో ఫోన్ చేయాల్సిన వారి నంబరు అడుగుతారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఎటుపోయి ఎటు కూర్చుందో మనకే తెలియదు కాబట్టి మొదటి పేరు గడిలో మిమ్మల్ని నలుగురూ పిలిచే పేరే రాయండి. లేకపోతే అక్కడందరూ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఫలితాల పట్టికలో ఆ పేరు అందరికీ కనబడుతుందని కూడా గుర్తుంచుకోండి. నమోదు కాగానే ఎ అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు, దానికో బార్‌కోడ్ వస్తాయి. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి లామినేషన్ చేయించండి. ఫోన్‌లో చూపించినా తీసుకుంటారు. కానీ గడ్డకట్టే చలిలో ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, వానకు తడిసిన తెర స్కాన్ కాదు. కాగితానికి ఆ బాధలు లేవు. బార్‌కోడ్ లేకుండా వెళ్లినా నడవనిస్తారు. ఫలితాల్లో మాత్రం మీ పేరు ఉండాల్సిన చోట అన్‌నోన్ అని పడుతుంది.

సమయం దగ్గర మన అలవాటు కుదరదు. ఇంగ్లండ్, వేల్స్, జర్మనీల్లో ఉదయం 9 గంటలకు, స్కాట్లండ్, ఐర్లాండ్‌లలో తొమ్మిదిన్నరకు, సింగపూర్‌లో ఏడున్నరకు మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఎక్కువ చోట్ల 7 లేదా 8. ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు ఉండవు, తొమ్మిదంటే తొమ్మిదే. మొదటిసారి వచ్చినవాళ్లను పది, పదిహేను నిమిషాల ముందు పక్కకు పిలిచి దారి ఎటు తిరుగుతుందో, ఎన్ని చుట్లో చెబుతారు. దాని కోసమైనా అరగంట ముందు చేరాలి. ఒక చుట్టేనా, రెండా, మూడా అన్నది వినకపోతే ఒక చుట్టు తక్కువ నడిచి ముగింపులోకి వెళ్లిపోవడం మామూలే. సామాన్లు దాచే గది ఉండదు, నీళ్లు ఇవ్వరు, కొన్ని పార్కుల్లో మరుగుదొడ్డి కూడా ఉండదు. సంచి తేకుండా జేబులో తాళం, బార్‌కోడ్, బస్సు కార్డు పెట్టుకుని వెళ్లడం మేలు. మంచు పేరుకుంటేనో, పార్కులో వేరే కార్యక్రమం ఉంటేనో ఆ వారం రద్దు చేస్తారు. శుక్రవారం రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి ఆ పార్కు పేజీ చూసుకోవాలి.

ముగింపు దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు కాబట్టి అది కొంచెం వివరంగా చెప్పాలి. గీత దాటగానే తాళ్లు కట్టిన సన్నని దారి ఒకటి ఉంటుంది. గీత దగ్గర ఒకరు మనిషి మనిషికీ గడియారం నొక్కుతారు. ఆ సన్నని దారి చివర ఇంకొకరు నంబరు వేసిన టోకెన్‌ను అదే వరుసలో చేతిలో పెడతారు. ఆ తర్వాత వాలంటీరు ముందుగా మీ బార్‌కోడ్‌ను, వెంటనే ఆ టోకెన్‌ను స్కాన్ చేస్తారు. గడియారంలోని 57వ నొక్కుడు 57వ టోకెన్‌తో జతపడి మీ సమయం తేలుతుంది. మధ్యలో వరుస చెడితే, మన ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఒక టోకెన్ జారిపోతే వెనక ట్రాక్టర్లన్నీ తారుమారైనట్టు, మీ వెనక వచ్చిన అందరి సమయాలూ తప్పుతాయి. అందుకే గీత దాటాక ముందున్నవాళ్లను దాటొద్దు. స్నేహితుడి కోసం ఆగి వెనకవాళ్లను ముందుకు పోనివ్వొద్దు. టోకెన్ తీసుకోకుండా తాళ్ల కిందనుంచి దూరి బయటపడొద్దు. చూడటానికి వచ్చిన ఇంటివాళ్లు ఫొటో తీద్దామని చివరి పది గజాలు పక్కనే నడుస్తూ గీత దాటితే గడియారం వాళ్లకూ ఒక నొక్కుడు నొక్కేస్తుంది. టోకెన్‌ను జ్ఞాపకంగా జేబులో వేసుకుని ఇంటికి తేవొద్దు. వచ్చే వారానికి ఆ నంబరు ఉండదు, వాలంటీర్లు దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటారు. మరీ పొరపాటున వచ్చేస్తే వెంటనే వాళ్లకు మెయిలు పెట్టి, తర్వాతి శనివారం పట్టుకెళ్లి ఇస్తే సరిపోతుంది. ఫలితం ఆ రోజే కొన్ని గంటల్లో మెయిలుకు వస్తుంది.

పిల్లల విషయంలో నియమం గట్టిది. 11 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్ల చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో 4 నుంచి 14 ఏళ్ల వాళ్లకు ఆదివారం వేరుగా 2 కిలోమీటర్ల జూనియర్ పార్క్‌రన్ ఉంటుంది. మనవళ్లతో వెళ్లే తాతయ్యలకు, నానమ్మలకు ఇది చక్కగా సరిపోతుంది.

మోకాళ్లు సహకరించనివాళ్లు, ఇంగ్లిషు అంతగా రానివాళ్లు మొదట వాలంటీరుగా వెళ్లడమే మంచిదని మా అభిప్రాయం. టోకెన్లు వరుసగా పేర్చడం, మలుపు దగ్గర నిలబడి చేయి చూపించడం, చప్పట్లు కొట్టడం. వీటికి భాష పెద్దగా అక్కర్లేదు. నాలుగు వారాలు ఒకే మలుపులో నిలబడిన మనిషిని ఆ పార్కులో అందరూ పలకరిస్తారు. అంత పలకరింపు నడిచేవాళ్లకు కూడా దొరకదు.

జర్మనీ వెళ్లే నర్సులకు పార్క్‌రన్ కంటే మంచిది ఊరి క్లబ్బులు జరిపే జనపద నడక. అక్కడ ఫోక్స్‌వాండర్న్ అనో, ఫోక్స్‌మార్ష్ అనో అంటారు. వీటిని ఒక గొడుగు కిందికి తెచ్చిన అంతర్జాతీయ సంఘం ఐవీవీ 1968లో లిండావులో పుట్టింది. ఇందులో అందరూ ఒకేసారి బయలుదేరరు. పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చని ప్రకటనలో ఉంటుంది. ఊరి హాలుకో, స్కూలు జిమ్‌కో వెళ్లి కొద్ది యూరోలు కట్టి స్టార్ట్‌కార్డు తీసుకోవాలి. చిల్లర నోట్లు ఉంచుకోండి, కార్డు యంత్రం లేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. 5 లేదా 6, 10, 20 కిలోమీటర్ల దారులకు వేర్వేరు గుర్తులుంటాయి. దారిలో తనిఖీ కేంద్రాల దగ్గర కార్డు మీద ముద్ర వేస్తారు. ఎన్ని నడకలు, ఎన్ని కిలోమీటర్లు అయ్యాయో రాసుకునే చిన్న పుస్తకం కూడా కొనుక్కోవచ్చు, ఏ దేశపు ముద్రైనా అందులో చెల్లుతుంది. తప్పనిసరి మాత్రం కాదు.

ఇక్కడ దెబ్బతినేది దారులు చీలే చోట. 5, 10, 20 మొదట కలిసే సాగుతాయి. చీలిక దగ్గర బాణం చూడకుండా ముందున్న గుంపు వెనకే కబుర్లలో పడి పోతే 5 అనుకున్నది 20 అవుతుంది. ప్రతి చీలిక దగ్గరా ఆగి మీ దూరం అంకె చూసుకోండి. ఓ పది నిమిషాలు నడిచినా రిబ్బను గానీ బాణం గానీ కనబడకపోతే, ఆఖరి గుర్తు దాకా వెనక్కి రావడమే పద్ధతి. ముందుకు పోతే ఎక్కడో కలుస్తుందిలే అనుకోవద్దు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పల్లెలకు బస్సులు తక్కువ. నీళ్లు, తిండి శనివారమే కొనిపెట్టుకుని, తిరుగు బస్సు సమయం రాసిపెట్టుకుని బయలుదేరాలి. ముగింపు హాల్లో కేకులు, సాసేజ్‌లు, సూపులు అమ్ముతారు. శాకాహారులు ఆలుగడ్డ సలాడ్‌ను కూడా అడిగే తినాలి, కొన్ని ప్రాంతాల్లో దాన్ని మాంసం ఉడికించిన నీళ్లతో కలుపుతారు. సంచిలో నాలుగు సకినాలు, పల్లి పట్టీలు ఉంటే ఏ గొడవా లేదు. పక్కవాళ్లకు ఇస్తే మాట కలుస్తుంది కూడా. పల్లీలు పడనివాళ్లు అక్కడ ఉంటారు, ఇచ్చే ముందు ఒక మాట అడగండి.

గడ్డిలో నడిచిన రోజు ఇంటికొచ్చి మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. ఐరోపా, అమెరికా పిడుదులు లైమ్ అనే జబ్బు అంటిస్తాయి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా నిటారుగా లాగాలి. మన దగ్గర చేసినట్టు కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు. అలా చేస్తే అది తన ఒంట్లోని జబ్బు క్రిములను మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. ఆ చోట తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే డాక్టరుకు చూపించాలి.

ఫ్రాన్స్ గురించి ఒక మాట. అక్కడ పరుగు కార్యక్రమాలకు వైద్య ధ్రువపత్రం అడిగే నిబంధన వల్లే పార్క్‌రన్ 2022లో ఆగిపోయింది. ఆ దేశం వెళ్లేవాళ్లు ఊరి రాండోనీ క్లబ్బుల నడకలు చూసుకోవాలి. ఇటలీలోనైతే ప్రకటనలో నాన్ కొంపెటిటీవా అన్న మాట కనబడితే అది మనలాంటి వాళ్ల కోసమే.

జపాన్‌లో రెండు ఉచిత దారులున్నాయి. ఒకటి, పొద్దున ఆరున్నరకు పార్కుల్లో రేడియో పాటకు చేసే కసరత్తు. 1928 నుంచి నడుస్తోంది, పది నిమిషాల్లో అయిపోతుంది. వెళ్లి వెనక వరుసలో నిలబడి ముందువాళ్లను చూస్తూ చేస్తే చాలు. రెండోది, రైల్వే కంపెనీలు స్టేషన్ నుంచి స్టేషన్‌కు జరిపే వారాంతపు నడకలు. దిగిన స్టేషన్లో మ్యాపు ఇస్తారు, ముందుగా పేరు ఇవ్వాల్సి రావచ్చు. దారిలో చెత్తబుట్టలు కనబడవు. అరటితొక్కయినా సరే ఇంటికి మోసుకొచ్చుకోవాల్సిందే.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. మొదట వారాంతం ఏ రోజో తెలియాలి. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమాన్‌లలో శుక్ర, శనివారాలు. యూఏఈ మాత్రం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది. శుక్రవారం ఒక్కరోజే సెలవున్న క్యాంపు కార్మికులకు ఏ నడకా కుదరదని మాకు తెలుసు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడానికీ, ఇంటికి ఫోన్ చేయడానికీ చాలదు. అయినా రెండు తేదీలు గుర్తుంచుకోండి. ఖతర్‌లో 2012 నుంచి ఫిబ్రవరి రెండో మంగళవారం జాతీయ క్రీడా దినం, ఆ రోజు సెలవు. దుబాయ్‌లో 2019 నుంచి నవంబరులో జరిగే దుబాయ్ రన్‌కు రుసుము లేదు, పోటీ లేదు. 5, 10 కిలోమీటర్ల దారులుంటాయి. ముందుగా నమోదు చేసుకుని బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం, తెచ్చుకోవాలి. తెల్లవారుజామున రోడ్లు మూసేస్తారు కాబట్టి మెట్రోలోనే పోవాలి.

మేం నల్లగొండ ఎండల్లో పుట్టినవాళ్లం, మాకు గల్ఫ్ ఎండ ఏం లెక్క అనేవాళ్లు మనలో ఉన్నారు. మన మే నెల ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. గల్ఫ్ తీరంలో వేసవి గాలి నిండా తేమ ఉంటుంది. చెమట కారుతుంది తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. 36 డిగ్రీలే కదా అని బయలుదేరినవాళ్లు కూడా అందుకే పడిపోతారు. వేసవిలో అయితే సూర్యుడు రాకముందే ముగించాలి, లేదంటే ఏసీ ఉన్న మాల్‌లో నడవాలి. రంజాన్ నెలలో పగలు నలుగురిలో నీళ్లు తాగడం, తినడం మానుకోండి. సాయంత్రం ఉపవాసం విడిచిన తర్వాత నడవండి. ఇంకో హెచ్చరిక. నడక పేరుతోనైనా, ఎవరి కష్టం కోసమైనా అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం యూఏఈలో నేరం. వాట్సాప్ గ్రూపులో అడిగినా అంతే. తోటి నడకదారుల ఫొటోలు వాళ్లను అడగకుండా తీయొద్దు, ఆడవాళ్లవి అసలే వద్దు.

గల్ఫ్‌లోనూ ఆగ్నేయాసియాలోనూ హ్యాష్ హౌస్ హారియర్స్ అనే గుంపులు తగులుతాయి. 1938లో కౌలాలంపూర్‌లో విదేశీ ఉద్యోగులే మొదలుపెట్టిన ఆట ఇది. హేర్ అనే మనిషి ముందుపోయి పిండితోనో సుద్దతోనో గుర్తులు వేస్తాడు, మిగతావాళ్లు వాటిని వెతుక్కుంటూ పోతారు. మధ్యలో గుర్తు ఆగిపోతుంది, అక్కడి నుంచి నాలుగు దిక్కులా వెతకాలి. తప్పుదారులు కావాలనే పెడతారు. ఉరికేవాళ్లు వాటిలోకి పోయి తిరిగి వచ్చేలోపు నడిచేవాళ్లు వచ్చి కలుస్తారు. వేగం తేడాను చెరిపేసే ఈ ఉపాయం మాకు బాగా నచ్చిన సంగతి. నచ్చనిది చివర్లో జరిగే బీరు సభ, మోటు జోకులు. తాగనివాళ్లు నీళ్లో, జ్యూసో తీసుకుంటే ఎవరూ ఏమనరు. కానీ సౌదీ, కువైట్‌లలో మద్యం నిషేధం. మీ వీసా యజమాని చేతిలో ఉంటుంది. తాగుడు ఉంటుందని తెలిసిన గుంపుకు దూరంగా ఉండటమే పైలం.

ఇక అమెరికా వెళ్లే అమ్మానాన్నలు. పార్క్‌రన్ అక్కడ అన్ని ఊళ్లలో లేదు. 1976లో టెక్సస్‌లో మొదలైన అమెరికన్ ఫోక్స్‌స్పోర్ట్ అసోసియేషన్ క్లబ్బుల్లో ఏడాది పొడవునా నడిచే దారులుంటాయి. పేరు రాసి, కొద్ది డాలర్లు కట్టి, మ్యాపు తీసుకుని మీకు వీలైన రోజు మీరే నడిచి రావచ్చు. కూతురు, అల్లుడు ఆఫీసుకు పోయాక ఇంట్లో ఒంటరిగా కూర్చునే జంటకు ఇంతకన్నా ఏం కావాలి? కెనడాలోనైతే 1981 నుంచి సెప్టెంబరులో జరిగే టెర్రీ ఫాక్స్ రన్‌లో నడిచేవాళ్లు, సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు అందరూ ఉంటారు, గెలుపు ఓటములు ఉండవు.

అమెరికా పార్కుల కాలిబాటల్లో కుడివైపు నడవాలి. వెనక నుంచి సైకిలువాళ్లు ఆన్ యువర్ లెఫ్ట్ అని అరుస్తారు. లెఫ్ట్ అన్న మాట వినగానే మనవాళ్లు గబుక్కున ఎడమకు జరుగుతారు, అక్కడే సైకిలు వచ్చి తగులుతుంది. మీ ఎడమ పక్కనుంచి పోతున్నా, మీరు కుడికే ఉండండి అని దానర్థం. బ్రిటన్ పార్కుల్లో సాధారణంగా ఎడమకు ఉండమంటారు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఏ దేశమైనా ఎదురొచ్చే బండ్లు కనబడే వైపే నడవాలి. అంటే అమెరికా, జర్మనీ, గల్ఫ్‌లలో ఎడమ అంచున, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కుడి అంచున. అమెరికాలో రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి. మన మెడ అలవాటుగా కుడికి తిరుగుతుంది.

నలుగురూ పక్కపక్కన దారంతా ఆక్రమించి నడవడం, ఫోన్ స్పీకర్లో భక్తి పాటలు, ఊరి నుంచి వచ్చిన వీడియో కాల్ అందరికీ వినిపించడం మానేస్తే సగం పరాయితనం అప్పుడే పోతుంది. పక్కింటి పచ్చిక మీదుగా అడ్డదారి తొక్కొద్దు. కుక్కను ముట్టుకునే ముందు యజమానిని అడగాలి. మాట కలపడానికి వాతావరణం, దారి, కుక్క పేరు చాలు. జీతం, వీసా, పెళ్లి, వయసు అడగొద్దు. నడక తర్వాత కాఫీకి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. పరిచయాలు అయ్యేది అక్కడే. ఎవరి బిల్లు వాళ్లు కట్టుకుంటారు, నేను కడతానని లాక్కోవద్దు. ఇంకొకటి, చెప్పడానికి మాకే సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. ఆ కాఫీ బల్ల మీద ఇన్సూరెన్స్, నెట్‌వర్క్ మార్కెటింగ్, ప్లాట్ల సంగతి ఎత్తితే మరుసటి వారం నుంచి మిమ్మల్నే కాదు, మీ తర్వాత వచ్చే తెలుగువాళ్లందరినీ అనుమానంగా చూస్తారు.

చలికి బట్టల లెక్క ఇది. ఉన్న ఉష్ణోగ్రత కంటే కొంచెం ఎక్కువ ఉందనుకుని వేసుకోండి, పావుగంట నడిస్తే ఒళ్లు వేడెక్కుతుంది. మొదట కొంచెం చలి వేయాలి. నూలు బనియను వద్దు. చెమటకు తడిసి, ఆగగానే ఐసుగడ్డలా అంటుకుంటుంది. చెమట పీల్చి ఆరే పాలియెస్టర్ బనియను, పైన ఉన్ని లేదా ఫ్లీస్, ఆపైన గాలి ఆపే పలుచని జాకెట్ వేసుకుంటే ఒకటొకటిగా విప్పుకోవచ్చు. చేతులకు, చెవులకు తప్పక కప్పుకోవాలి. రోడ్డు నల్లగా తడిగా మెరుస్తుంటే అది నీళ్లు కాదు, మంచు పొర కావచ్చు. జేబులోంచి చేతులు తీసి, పాదం మొత్తం ఆనేలా చిన్న అడుగులు వేయాలి. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి. ఇక్కడే కొని రెండు వారాలు తొడిగి తిరిగి, తర్వాత పెట్టెలో పెట్టుకోండి. ఐరోపాలో మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో, అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారాల్లో గడియారాన్ని గంట జరుపుతారు. ఫోన్ తనంతట మారుతుంది, చేతి గడియారం మారదు. మార్చిలో ఆ ఆదివారం నడకకు గంట ఆలస్యంగా చేరేది అందుకే.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కీళ్లు, వెన్ను బిగుసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేముందే డాక్టరుకు చూపించుకుని, అక్కడ 5 కిలోమీటర్లకు బదులు ఒకటి, రెండుతో మొదలుపెట్టాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో గ్లూకోజు బిళ్లలో, చక్కెర పొట్లమో ఉంచుకోవాలి. చెమట, వణుకు, మసక వస్తే నడక ఆపి అది తినాలి. విమానం దిగిన రెండు మూడు రోజులు నిద్ర వేళలు కుదరవు, ఆ వారం నడకకు పోవద్దు. పాత జబ్బులను చాలా సందర్శక బీమా పాలసీలు పట్టించుకోవు. కొనేటప్పుడే ఆ షరతు చదవాలి. బార్‌కోడ్ వెనక వైపు ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబరు, వాడే మందుల అసలు పేర్లు రాసి ఉంచుకోండి. మన దగ్గరి బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. అత్యవసర నంబర్లు అమెరికా, కెనడాలో 911, బ్రిటన్‌లో 999, ఐరోపాలో 112, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు, యూఏఈలో అంబులెన్సుకు 998.

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం విదేశాలకు వెళ్లే విద్యార్థులకు చెప్పే మాటల్లో ఈ నడకల గురించి ఒక గంట పాఠం కూడా చేర్చాలని కోరుతున్నాం. నర్సులను, కార్మికులను విదేశాలకు పంపే రాష్ట్ర సంస్థ టామ్‌కామ్ భాషా తరగతుల్లో వారానికొక రోజు నడక పెట్టి, దారి అడగడం, గుర్తులు చదవడం అందులోనే నేర్పవచ్చు. గదిలో కూర్చుని బట్టీపట్టిన జర్మన్ కంటే నడుస్తూ నేర్చింది నాలుక మీద నిలుస్తుంది. ఇంట్లో సాధన చేయాలనుకునేవాళ్లకు 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానంలో పన్నెండున్నర చుట్లు వేస్తే 5 కిలోమీటర్లు. గంట దాటినా ఫరవాలేదు. మీ పత్రిక జూలై ఆఖరులో, డిసెంబరు ఆఖరులో, అంటే విమానాలు నిండే ముందు, దేశాలవారీగా ఈ నడకలు మొదలయ్యే వేళలను జిల్లా పేజీలో చిన్న పట్టికగా వేస్తే కత్తిరించి పాస్‌పోర్టులో పెట్టుకునేవాళ్లు ఉంటారు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
నల్లగొండ, మహబూబ్‌నగర్.